గురువారం కొలతలకొస్తారు

అదికాదత్తా, ఈ టైమ్ టేబుల్ వేసినవాడెవడో గానీ, జన్మలో మెట్లెక్కినట్టు లేడు. సోమవారం పొద్దున్నే పై అంతస్తులో డ్రాయింగు. అది అవగానే షీట్లన్నీ చంకలో పెట్టుకుని సెల్లార్లోకి పరిగెత్తాలి. సెల్లార్లో చెప్పే సబ్జెక్టేంటో తెలుసా? ఇంట్లోకి ఎండా గాలీ ఎలా రావాలి అని. పట్టపగలు ట్యూబులైట్లేసుకుని అది నేర్చుకుంటాం.

నవ్వకు, నోట్లో గుండుసూదులున్నాయి. ఆ జాకెట్టు చేతులు అతికేదాకా అలాగే ఉండు, నన్ను మాట్లాడనీ. నువ్వు మాట్లాడ్డం మొదలెడితే నాకు చెప్పబుద్ధి కాదు.

మంగళవారం చరిత్ర. రాజులు కట్టించుకున్న మేడలు గోడ మీద బొమ్మలేసి చూపిస్తారు, చీకట్లో సగం క్లాసు నిద్రపోతుంది. బుధవారం నీళ్ళ పైపులూ మురుగూ. ఆ సారు గొంతు కూడా పైపులోంచి వచ్చినట్టే ఉంటుంది. శుక్రవారం ఏ గోడకి ఎన్ని ఇటుకలు పడతాయో లెక్కలు. ఇవన్నీ ఎలాగోలా భరిస్తాను. ఈ గురువారం ఉంది చూశావూ, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఒకటే గడి. స్టూడియో, సైట్లో అని రాశారు. అంటే కాలేజీలో కూర్చునేది లేదు. ఊళ్ళో ఒకచోటికి పోయి, అక్కడి ఇళ్ళు టేపుతో కొలిచి, గీసుకుని రావాలి. టర్మంతా ప్రతి గురువారం అదే పని.

ఎక్కడికంటావా. మన సందుకే అత్తా.

అవును, మన సందే. నాకూ అలాగే తల కొట్టేసినట్టయింది. స్టూడియో మేడం, మన సందుని పైనుంచి తీసిన ఫొటో ఒకటి గోడంతా వేసింది. అందరూ రేకులు చూశారు, నేను మన రేకులు చూశాను. నువ్వు ఆరేసిన గులాబిరంగు దుప్పటి కూడా కనపడింది. పైన పెద్ద అక్షరాలతో ‘ఇరుకిళ్ళు: ఒక అధ్యయనం’ అని రాసుంది. ‘ఈ ఇళ్ళకి డిజైనంటూ ఏం ఉండదు, జనం సర్దుకుని బతికేస్తారంతే’ అంది. క్లాసంతా అది రాసుకున్నారు. నేనూ రాసుకున్నాను. ఒళ్ళు కంపరమెత్తిపోతున్నా చెయ్యి మాత్రం చక్కగా రాసుకుపోయింది.

ఇద్దరిద్దరికి ఒక ఇల్లు. నాకు జతపడిందెవరో తెలుసా, సెంటు. అదే, దూరంనుంచే గుప్పుమంటుందని చెప్పానే, ఆ డాక్టరుగారమ్మాయి. చెడ్డది కాదులే, పెన్సిల్ అడిగితే డబ్బా చేతిలో పెట్టే రకం. మీక్కావలసిన ఇల్లు మీరే ఎంచుకోండని మేడం అందో లేదో, ఇది తిన్నగా వెళ్ళి మన రేకుల మీద వేలు పెట్టింది. అదే ఎందుకే అంటే, ‘ఆ దుప్పటి చూడవే, ఎంత ముద్దుగా ఉందో’ అంది. మంచం మీద ఎన్నేళ్ళు నలిగిందో తెలీదు దానికి. నువ్వు ఆ రోజే ఉతకాలా దాన్ని?

మార్చమని అడక్కుండా ఉంటానా. క్లాసయ్యాక మేడం వెనకే వెళ్ళాను. ‘ఎందుకమ్మా, ఒకటిన్నర గది, అంతకన్నా సులువైన ఇల్లు దొరుకుతుందా’ అంది. మర్యాదగానే అంది. సరేనండీ అని వచ్చేశాను.

కొలిస్తే ఏం పోయిందంటున్నావా, కళ్ళెగరేస్తున్నావు. గోడలొక్కటే కాదత్తా, ఉన్నదున్నట్టు అన్నీ గీయాలి. వంటింట్లో నీ మంచం, మంచం కింద బకెట్లు, గూట్లో నీ మోకాళ్ళ నూనె సీసా, అన్నీను. నీ మిషను గుమ్మానికి అడ్డంగా ఉందా, దాని చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ‘దారికి అడ్డం’ అని రాస్తారు. కిటికీ తీస్తే పక్కింటి గోడ తప్ప ఏం లేదు, వెలుగొచ్చేది ఆ గుమ్మంలోంచే, సూదిలో దారమెక్కాలంటే నువ్వక్కడ కూర్చోవాల్సిందే. అది రాయడానికి ఆ షీటులో చోటుండదు. ఉన్నా నేను రాయలేను. నీకెలా తెలుసే అంటుంది సెంటు.

తమాషా ఏంటంటే నాకు టేపక్కర్లేదు. ఈ ఇల్లు కళ్ళు మూసుకుని గీసేస్తాను. వంటింటి గుమ్మం ఎత్తెంతో నా నుదుటికి తెలుసు. ఇదే బల్ల మీద ఆ పక్క నువ్వు బట్ట కత్తిరిస్తుంటే ఈ పక్క నేను అట్ట కత్తిరించి మోడళ్ళు చేశాను. నీ సుద్ద అంటి నా షీట్లు పాడయ్యాయని దెబ్బలాడాను. గురువారం మాత్రం టేపు ఒక కొస పట్టుకుని, ఎప్పుడూ చూడనిదానిలా అంకెలు చదవాలి.

చెప్పెయ్యమంటావు. తెలుసు, నువ్వదే అంటావని. వాళ్ళేదో వెక్కిరిస్తారనుకుంటున్నావు. వెక్కిరిస్తే బావుణ్ణు, నేనూ నాలుగు తిట్టేదాన్ని. మెత్తగా మాట్లాడతారత్తా. మేడం భుజం మీద చెయ్యేస్తుంది. సెంటు కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. టర్ము చివర షీట్లన్నీ గోడకంటించి, బయటినుంచి పెద్ద పెద్ద ఆర్కిటెక్టుల్ని పిలుస్తారు. ‘ఈ అమ్మాయి ఆ ఇంట్లోనే పెరిగిందండీ’ అని వాళ్ళకి చూపిస్తారు.

ఆఖరి షీటు ఏంటో చెప్పలేదు కదూ. ఈ ఇళ్ళన్నీ తీసేస్తే ఇక్కడ ఏం కట్టొచ్చో గీయాలి. కంగారుపడకు, కాగితం మీదే. ఎవరూ పడగొట్టడానికి రారు. కాకపోతే కాగితం మీద పడగొట్టేది నేనే.

వాళ్ళకి నేనెక్కడుంటానో తెలీదు. మందులషాపు దగ్గర బస్సు దిగుతాను కదా, ఆ పైన మేడలో ఉంటాననుకుంటున్నారు. నేను అబద్ధమాడలేదు, వాళ్ళనుకున్నదాన్ని కాదనలేదంతే.

అందుకని ఒకటి అడుగుతాను. వెంటనే ఏమీ అనకు. గురువారాలు మేం వచ్చినప్పుడల్లా నేనెవరో నీకు తెలీదు.

అలా చూడకు. బుధవారం సాయంత్రమే గోడ మీద నా ఫొటో తీసేస్తాను. నా బోర్డూ పుస్తకాలూ అటకెక్కిస్తాను. పక్కింటి తాతకి చూపానదు, ఎదురింటి పిన్నిగారూ సందులో మిగతావాళ్ళూ పగలంతా పనుల్లో ఉంటారు. మిగిలింది నువ్వే. నన్ను చూసి మిషను ఆపకు. తిన్నావా అని మాత్రం అడక్కు, అదొక్కటి గట్టిగా గుర్తుపెట్టుకో, నీ నోరు ఊరుకోదు. టీ ఇస్తే అందరికీ ఒకేలా ఇవ్వు. అడక్కుండానే నా గ్లాసులో పంచదార తగ్గించావంటే సెంటు ఇట్టే పట్టేస్తుంది.

ఏంటత్తా అలా నోట్లో సూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేస్తున్నావు? కోప్పడు. ఆ స్కేలు తీసి ఒకటి వెయ్యి. పెంచినందుకు మంచి బుద్ధే చూపించావను. అంతేగానీ ‘అలాగేలే’ ఏంటి? అంత తేలిగ్గా ఎలా ఒప్పుకుంటావు నువ్వు?

ఏమని పిలుస్తానంటావా?

ఆంటీ అంటాను. వాళ్ళంతా అదేగా అనేది. నోరు జారను. జారననే చెప్తున్నాను. నమ్మకం లేకపోతే చూడు, ఇప్పుడే అని చూపిస్తాను. కాస్త మిషను జరుపు, బయటికెళ్ళనీ. ఇదిగో, గుమ్మం అవతల ఉన్నాను. నువ్వు నీ పాటికి తొక్కుకుంటూ ఉండు, నన్ను చూడకు.

‘నమస్తే ఆంటీ. కాలేజీ నుంచి వచ్చామండీ. కొంచెం మీ ఇల్లు చూడొచ్చా?’

ఛీ.

ఎంత సులువుగా వచ్చేసిందత్తా.