తుమ్ముల మాత్ర

ఖాళీ మాత్రల అట్ట పట్టుకొని ఓ తల్లి మందుల షాపుకు వచ్చింది.

"అమ్మాయి కుట్టుమిషను మీదే తల వాల్చేస్తోంది బాబూ. లోపల ఏ మాయదారి జబ్బు తినేస్తోందో!"

"పరీక్షలు చేయించారా అమ్మా?"

"అన్నీ బాగున్నాయట. అదే ఇంకా భయంగా ఉంది."

షాపాయన అట్ట తిప్పి చూశాడు. "ఈ మాత్ర ఎన్నాళ్లుగా?"

"మూడేళ్లు. బట్టల దుమ్ముకి తుమ్ములు. పొద్దున్నే నేనే చేతిలో పెడతాను."

"పొద్దున్నేనా! ఇది మగత తెస్తుందమ్మా. నీరసానికి ఇదీ ఓ కారణం కావచ్చు. డాక్టరుగారికి చెప్పారా?"

"లేదయ్యా. జబ్బులేమున్నాయనే అడిగారు. ఇది మందు కదా!"

"మీ అంతట మీరు ఆపకండి. వెళ్లి అడగండి, వేరే మాత్ర మారుస్తారేమో."

ఆమె ఊపిరి పీల్చుకుంది. అంతలోనే మళ్లీ మొహం ముడుచుకుంది.

"మాత్ర మార్చాక తుమ్ములు తిరగబెడితే?"

"మెలకువగా ఉండి తుమ్ముతుందిలెండి."