లైక్ ఉంటే సిమిలీ

అది కాదమ్మా, పరీక్ష పది రోజుల్లో పెట్టుకుని పిల్లని ఇలా ఇస్త్రీ దుకాణంలో కూర్చోబెట్టుకుంటే ఎలా? బడికొచ్చి నాలుగు రోజులైంది. అక్కడ ఇంగ్లిష్ రివిజన్ జరుగుతోంది. నామవాచకాల దగ్గర్నుంచి టెన్సుల దాకా, ఆ పైన సిమిలీ, మెటఫర్... అన్నీ మళ్ళీ ఒక చుట్టు తిప్పేస్తున్నాం. ఇప్పుడు మానేస్తే పరీక్షలో ఏం రాస్తుంది?

బట్టలిచ్చి రావడానికి వెళ్ళిందా? వద్దులెండి, కూర్చోను. మీరు పని కానివ్వండి. ఆ చొక్కా మాడిపోగలదు.

ఏంటీ, తనే రానంటోందా? ఇంగ్లిష్ తన బుర్రకెక్కదందా?

అదేం మాటమ్మా. ఆ క్లాసులో ఇంగ్లిష్ వచ్చింది తనకొక్కదానికే. నన్ను కూడా కలుపుకునే చెప్తున్నాను.

నేను చరిత్ర చెప్పేదాన్ని కదా. ఇంగ్లిష్ టీచరు పురిటి సెలవు పెడితే, హెడ్మిస్ట్రెస్ ఆ పీరియడ్లు తెచ్చి నా నెత్తిన వేసింది. కాదనలేకపోయాను. పొద్దున్నే గైడు బట్టీ పట్టడం, పదింటికి వెళ్ళి అప్పజెప్పడం. అదీ నా చదువు చెప్పడం.

సోమవారం సిమిలీ చెప్పాను. అంటే పోలిక, అంతే. గుర్తుపట్టడం మహా తేలిక అన్నాను. లైక్ అంటే ‘లాగా’ కదా, వాడు పులిలా దూకాడు, ఆమె గాలిలా పరిగెత్తింది. కాబట్టి వాక్యంలో లైక్ కనబడిందా, కళ్ళు మూసుకుని సిమిలీ అని రాసేయండి అన్నాను. అందరూ రాసుకున్నారు.

మీ అమ్మాయి చెయ్యెత్తింది. “టీచర్, ఐ లైక్ రెయిన్ అంటే నాకు వానంటే ఇష్టం అని కదా. మరి అందులో పోలికేముంది?” అంది.

నలభై మందీ గొల్లుమని నవ్వారు. తను నవ్వలేదమ్మా. నేను చూశాను. తెలుసుకుందామనే అడిగింది.

మంచి ప్రశ్న, రేపు చెప్తాను అంటే పోయేది. కానీ నా డొల్లతనం బయటపడిపోయిందన్న కంగారులో... నోరు జారాను. అందుకే తను రావడంలేదని నాకు తెలుసు. మీకు కూడా కోపం ఉంటుందని, తిట్టినా పడదామనే వచ్చాను.

ఏమన్నానా? అదేంటి, మీకు చెప్పలేదా?

ఒక్క ముక్క కూడా?

ఆఁ... ఏం లేదులెండి. క్లాసన్నాక ఏదో ఒకటి అంటాం. రేపు పంపించండి. వస్తాను మరి.

...

లేదమ్మా. ఆ స్టూలు ఇలా ఇవ్వండి, కూర్చుంటాను. పెట్టె కాస్త పక్కన పెట్టండి.

నేనన్నది ఇదీ. “ఇస్త్రీ పెట్టె తోసేదానికి ఇన్ని ప్రశ్నలెందుకే? వెళ్ళి మీ అమ్మ పక్కన నిలబడు.”

తను పుస్తకం మూసేసింది. గంట కొట్టేదాకా తలెత్తలేదు. నేను స్టాఫ్ రూముకెళ్ళి గైడు తీస్తే, లైక్ అంటే ఇష్టపడటం అయినప్పుడు సిమిలీ కాదని ఆ పేజీ అడుగునే ఉంది, చిన్న అక్షరాల్లో. మర్నాడు చెప్పొచ్చు. చెప్పలేదు. ఆ పిల్లలందరి నోటుబుక్కుల్లో నా తప్పు ఇంకా అలాగే ఉంది.

మీ చెవిన ఆ మాట పడకూడదని, బుర్ర లేనిది తనేనని చెప్పుకుంది మీ దగ్గర. పదమూడేళ్ళ పిల్ల.

తను తిరిగి రాగానే ఇక్కడే తప్పైందని చెప్తానమ్మా.

ఇక్కడ చెప్తే చాలదంటారా? క్లాసులోనే చెప్పాలా?

నిజమే. అన్నది అక్కడేగా. చెప్తాను. రేపు మొదటి పీరియడ్‌లోనే. తను అడిగింది రైటనీ, నేను చెప్పింది తప్పనీ, మీ గురించి అన్నది అంతకన్నా తప్పనీ.

ఇంకొకటుంది. అది అక్కడ చెప్పలేను. ఇందాక, తను మీకేమీ చెప్పలేదని తెలిశాక గుమ్మం దాకా వెళ్ళాను చూశారా, అప్పుడు నాకు సిగ్గనిపించలేదమ్మా.

హమ్మయ్య అనిపించింది.