పున్నయ్య కాసిన బీడు

కూర్చో కీర్తీ, ఆ కుర్చీకి కాలు లేదు, మంచమ్మీద కూర్చో. కాయితం తర్వాత ఇద్దువులే. మనం పంచుకున్న గొడ్లబీడు మళ్లీ ఊరందరిదీ చేసి చెట్లు పెంచుతారు, ఎండలు తగ్గుతయ్, భూమిలో నీళ్లు నిలుస్తయ్, అంతేగా. మనూరి సచివాలయంలో ఇప్పుడు కనిపెట్టారు మీరు. పున్నయ్య బాబాయి ఇదే మాట ఏ కాయితం లేకుండా చెప్పాడు. వినలా. ఎవరంటావేంది, నేనే వినలా.

నువ్వు పుట్టకముందే పోయాడులే ఆయన. ఎవరూ పెట్టకపోయినా బీడుకి ఆయనే కాపలా. తొలకరి పడిందా, గడ్డి మోకాలెత్తు లేచేదాకా ఒక్క గొడ్డుని అడుగు పెట్టనిచ్చేవాడు కాదు. పచ్చికొమ్మ విరిచినోడు లేతమొక్కలకి పది కావిళ్ల నీళ్లు మొయ్యాల్సిందే, కరణమైనా సరే. నా పెళ్లయిన మూడోరోజు పందుంపుల్ల కోసం వేపకొమ్మ విరిచా. కొత్త పెళ్లికొడుకుని గదా, ఏమంటాడులే అనుకున్నా. "ఏరా గోపాలకృష్ణా, పళ్లు తోముకోటం అయిందా? అయితే కావిడెత్తు" అన్నాడు. పట్టుపంచె ఎగగట్టి మోశా. మీ సుబ్బరత్నం నాయనమ్మ, అప్పుడు కొత్త పెళ్లికూతురు, అరుగు మీద కూర్చుని లెక్కపెట్టింది. తొమ్మిదే అయినయ్యని పదోది గూడా మోయించింది. లోపలే ఉంది, అడుగు.

అబద్ధమెందుకు, అది ఇరవయ్యేళ్లు కడుపులో పెట్టుకున్నా. వార్డు మెంబరయ్యాక, బీడు పంచుకుందామని ముందు లేచింది నేనే. మిరపతోటలు, అభివృద్ధి అని నోటికొచ్చింది వాగా. చప్పట్లు కొట్టారు గూడా, ఎదవలు. బాబాయి ఇంటింటికీ తిరిగాడు. "కింద అంతా నాపరాయిరా, చెట్లు తీస్తే చినుకు నిలవదు, మీ బావులే ఎండిపోతయ్" అని. నేనేమన్నానో తెలుసా? ముసలాడికి పెత్తనం పోతందని ఏడుపన్నా. చీట్లేసి తలా అరెకరం పంచుకున్నాం. ఆయన చీటీ తియ్యలా. ఆ వాటా ఊరికే పోనిస్తామా, దాన్నీ పక్కోళ్లం కలుపుకున్నాం. పక్కోళ్లంటే నేనూ, సుభానీ. ఆ రెండో ఏడే ఆయన పోయాడు.

మొదట్లో మిరప బాగానే కాసింది, కాలర్ ఎగరేసుకు తిరిగా. ఇప్పుడు మూడో బోరు ఎనిమిదొందల అడుగులేస్తే తెల్లటి దుమ్మొచ్చింది. మొన్న మే నెలలో గేదె నిలువునా కూలిపోయింది వడదెబ్బకి. దానికి నిలబడను చెట్టేదీ? కొట్టింది నేనే అయితే ఎవర్ని తిట్టేది.

సంతకమా? పెట్టనంటినా. ఆ రాళ్లల్లో నాకేం పండి చస్తందని. సుభానీ పెట్టాడా? ఏందీ, నేను పెడితేనే పెడతా అన్నాడా? చూశావా వాడి తెలివి. నేను ముందు పెట్టి, వాడు పెట్టకపోతే? నా అరెకరం పోయి, చెట్టు నీడ వాడి చేలో పడితే? అన్నీ కలిస్తేనే బీడవుద్దని నాకు చెప్తావేందే, ముక్కలు చేసిన వాణ్ణి నేనైతే. పెడతాలే. వాణ్ణి పెట్టమను, పెడతా.

అట్టా చూడబాక. ఎండనబడొచ్చావు, మంచినీళ్లు తాగుతావా? కాసేపు కూర్చో మరి, బిందె ఖాళీ, ట్యాంకరింకా రాలా.