బుచ్చవ్వకు పెట్టిన కాపలా

బుచ్చవ్వకు కడుపునొప్పి రాలేదంట. ఆమె చేసిన నేరం అదొక్కటే. ఊరికి ఊరే చెంబులు పట్టుకుని తుమ్మచెట్ల వైపు పరుగులు తీస్తుంటే, ఆ ముసలామె తన గుడిసె ముందు కాళ్లు చాపుకుని కూర్చుని, పోయేవాళ్లను పోయినట్టే పలకరించేదంట. "ఏం ఓదెలూ, ఇప్పుడే గదా పోయొచ్చినవ్, అక్కడ ఏం మరిచిపోయొచ్చినవ్ బిడ్డా?" అని. నోరు అటువంటిది. ఏమైందంటే, వాగుకు అడ్డంగా కొత్తగా కట్ట వేశారు, కట్ట వెనక నీళ్లు మడుగై నిలిచాయి. అంతకుముందు ఊరివాళ్లు వాగు ఇసుకలో చెలిమె తోడుకునేవాళ్లు. చెలిమె అంటే మీకు తెలుసుగదా, ఇసుకలో గుంత తీసి, నీళ్లు ఊరేదాకా కూర్చుని, చిప్పతో ముంచి ముంచి బిందె నింపుకోవాలి. ఓపిక ఉన్నవాళ్ల పని. మడుగు వచ్చాక ఇంకెవరు కూర్చుంటారు? బిందె వంచితే నిండుతుంది. అదే మడుగులో బర్లు పడుకుంటాయి, అదే మడుగులో బట్టలు ఉతుకుతారు, ఊరి మురుగంతా మోసే మోరీ కూడా తిన్నగా వచ్చి అందులోనే కలుస్తుంది. ఇంకా ఏమేం కలుస్తాయో నేను చెప్పను, మీరు అన్నాలు తిని వచ్చి కూర్చున్నారు.

బుచ్చవ్వ ఆ మడుగు దగ్గరికి పోయిన మొదటి పూటే పటేలు భార్యతో కొట్లాడిందంట. "నీ బర్రె తోక నా బిందెల పడ్డది" అని ఈమె, "నీ బిందెనే నా బర్రెకు అడ్డమొచ్చింది" అని ఆమె. పెద్దమనుషులు కూర్చుని, ఇరుపక్షాల మాటలూ విని, బుచ్చవ్వ ఇకమీదట మడుగులో బిందె ముంచరాదని తీర్మానించారంట. బర్రె విషయంలో ఏ తీర్మానమూ లేదు, అది అనంతయ్య పటేలు బర్రె. "నేను ముంచనే ముంచ, మీ మడుగు మీకే ఉండనియ్యి" అని ఆమె ఎగువన, తన గుడిసె ముందరి ఇసుకలో, పాత పద్ధతిలోనే ఒక చెలిమె తోడుకుని, చుట్టూ ముళ్లకంప పెట్టుకుని, తన మానాన తాను బతుకుతూ ఉంది అనుకోండి.

ఎండలు ముదిరాయి. మడుగు సగానికి దిగి, నీళ్లు పచ్చబడ్డాయి. అప్పుడు ఊరికి రోగం తగిలింది. వాంతులు, విరేచనాలు. పసిపిల్లలకు కళ్లు లోతుకు పోయి, ఏడవడానికి కూడా ఓపిక లేకపోయిందంట. పంచాయతీ పెడదామంటే పెద్దమనుషులందరూ ఒక్కసారి కూర్చోవడం సాధ్యం కాలేదు. పటేలు "అయ్యలారా" అనేసరికి ఇద్దరు లేచిపోతారు, వాళ్లు తిరిగి వచ్చేసరికి పటేలే ఉండడు. ఆ సభలో ఒక్క వాక్యం పూర్తి కావడానికి పొద్దు వాలేదంట. చివరికి పక్క ఊరి మంత్రగాణ్ణి పిలిపించారు. ఆయన వచ్చి, చెంబెడు మడుగు నీళ్లు తాగి, మీసం తుడుచుకుని, మధ్యాహ్నం దాకా ముగ్గులు వేసి, "ఊరంత మంచం పట్టినప్పుడు ఎవలు నిమ్మళంగ తిరుగుతున్నరో, ఈ చేతబడి గా మనిషిదే" అన్నాడంట. ఆ మాట అంటూనే కడుపు పట్టుకున్నాడు. తుమ్మచెట్ల వైపు వెళ్లినవాడు అటునుంచి అటే తన ఊరికి వెళ్లిపోయాడంట.

అందరూ బుచ్చవ్వ గుడిసె వైపు చూశారు. వినడానికి నవ్వులాటగా ఉంది గాని, ఆ మాట పడిన మనిషి బతుకు ఏమవుతుందో మీకు తెలియనిది కాదు. అమావాస్య దాకా చూసి, రోగం తగ్గకపోతే గుడిసె పీకి ఆమెను పొలిమేర దాటించాలన్నారు. ఆ వయసులో, నా అన్నవాళ్లు లేని మనిషి, ఎక్కడికి పోతుంది? ఆ పూట ఆమె ఎవరినీ పలకరించలేదంట.

అందాకా ఆమె మంత్రాలు వేయకుండా కాపలా ఉండాలిగదా. ఊరికి కావలి కాసే సుంకరి ఓదెలును కూర్చోబెట్టారు. "కన్ను తిప్పొద్దు, ఇంటికి రావొద్దు, తిననీకి గట్క నీ పెండ్లామే తెస్తది" అన్నాడు పటేలు. ఓదెలు కూర్చున్నాడు. కూర్చున్నాడు అంటే, మధ్యమధ్య తుమ్మచెట్లకు పోయి వచ్చి కూర్చున్నాడు. ఎండకు నోరు ఎండింది. "అవ్వా, గుక్కెడు నీళ్లు పొయ్యి." "నేను మంత్రగత్తెను గదరా, నా నీళ్లు తాగితే మేకవైతవ్." "మేకైతే గిన్నిసార్లు తుమ్మచెట్లకు పోదు గదనే, పొయ్యి." "నేనైతే పొయ్య. ఇసుకున్నది, చేతులున్నయ్, తోడుకో." ఏం చేస్తాడు, ఆమె చెలిమె పక్కనే తనదొకటి తోడుకున్నాడు, తాగాడు. కొన్ని పొద్దులు గడిచేసరికి కడుపు కుదుటపడింది. గట్క తెచ్చిన ఆయన పెళ్లాం పోశవ్వ, మొగుణ్ణి చూసి, ముంత అక్కడే పెట్టి ఊళ్లోకి ఉరికిందంట. "మా ఆయన ఒక్కకాడ కూసున్నడు! పొద్దటిసంది ఒక్కకాడనే కూసున్నడు!" అని.

పటేలు ఆలోచించాడు. "ముసల్ది ఓదెలును లోబరుచుకున్నది. వాని మీద ఇద్దరిని కాపలా పెట్టాలె" అన్నాడు. పెట్టారు. వాళ్లకూ దాహమైంది, వాళ్లూ తోడుకున్నారు, వాళ్లూ ఒక్కకాడ కూర్చున్నారు. వాళ్ల మీద నలుగురిని పెట్టారు. వాళ్లకు గట్క తెచ్చిన ఆడవాళ్లు, చంకలో పిల్లలతో సహా అక్కడే ఉండిపోయారు. అట్లా కాపలా మీద కాపలా, కాపలా మీద కాపలా పెట్టుకుంటూ పోగా, ఊళ్లో పటేలు, పటేలు భార్య, బర్రె మిగిలారంట. "ఇగ నేనే స్వయంగ కాస్త" అని పటేలు చెంబుతో బయలుదేరాడు. బుచ్చవ్వ దూరం నుంచే కేకేసింది. "రా పటేలా, బర్రెను మాత్రం ఇంటికాడ కట్టేసి రా!"

అమావాస్య వచ్చింది. ఇసుకలోనే సభ కూర్చుంది. ఆ ఎండాకాలం మొత్తానికి మధ్యలో ఎవరూ లేచిపోని సభ అదేనంట. ఓదెలు లేచి, "పటేలా, నాకైతే గీ నీళ్లతోనే..." అన్నాడు. "నీళ్లా? మడుగు తాగుమన్నది ఎవలు, నేనా? కూసో" అన్నాడు పటేలు. "రోగం పోయింది మన కాపలా గట్టిగున్నందుకు. మంత్రం బయటికి పోనియ్యలేదు. కాపలా తీస్తే మళ్ల వస్తది, ఇగ ముసల్దాన్ని పొలిమేర దాటిస్తే పీడ పోతది."

అప్పుడు బుచ్చవ్వ నెమ్మదిగా లేచిందంట. "నువ్వన్నది నిజమే పటేలా. గింత కాపలా ఉంటే నా మంత్రం యాడ పారుతది? నన్ను పొలిమేర దాటియ్యుండ్రి. అవతల కూసొని ఏస్త. ఆడ నాకు కాపలా ఉండేదెవలు?"

సభలో అందరూ ఒకసారి తుమ్మచెట్ల వైపు చూశారు. పటేలు కడుపు తడుముకున్నాడంట. చివరికి తీర్మానం ఏమైందంటే, బుచ్చవ్వ బతికినన్నాళ్లు ఊరు విడిచి పోరాదు. ఇంటికొకరు రోజూ పొద్దున్నే బిందెతో వచ్చి ఆమెకు కాపలా కాయాలి. ఎంతసేపు అని ఎవరో అడిగితే, ఆమే చెప్పిందంట, "చెలిమె నీళ్లతోని బిందె నిండేదాక చాలు, ఇగ ఆ దినమంత నాకు మంత్రం యాదికి రాదు" అని.

ఓదెలు మాట అప్పుడే వింటే సరిపోయేది గదా అంటారు మీరు. నీళ్ల తప్పు అంటే అది పటేలు బర్రె దాకా పోతుంది, అందుకని ఎవరూ వినలేదు. బుచ్చవ్వ ఆ గుడిసెలోనే నిండుగా బతికి పోయింది. పోయాక కూడా ఊరివాళ్లు కాపలా మానలేదు. చచ్చిన మంత్రగత్తెను నమ్మడం ఇంకా కష్టమని, అప్పటినుంచి మరికాస్త పెద్ద బిందెలు తీసుకుపోయేవాళ్లంట.