పెద్దమ్మకు ఎవరు ఫోన్ చేశారు?

పెద్దమ్మ పోయిందని తెలిసిన ఉదయం, సేవాసంస్థ ఆఫీసులో నిర్వాహకురాలు కూర్చోవడం కూడా మరిచిపోయింది. సంస్థ తరఫున ఒంటరిగా ఉండే ముసలివాళ్లకు రోజూ తన ఇంటి నుంచే ఫోన్ చేసి పలకరించేది, అందరూ పెద్దమ్మ అని పిలిచే ఆవిడే. కబురు తెచ్చిన వ్యాన్ డ్రైవరు గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఆవిడ ఇంటి తలుపు నువ్వే తీశావా బాబాయ్?"

"పక్కింటాయనా నేనూ కలిసి తోశామమ్మా. వంటింట్లో పడి ఉంది. మొన్న రాత్రే పోయుంటుందన్నాడు డాక్టరు."

"నిన్న ఒక తాతయ్య వచ్చాడు. 'మీ పెద్దమ్మకు నామీద అలకా, ఫోనే చేయలేదు' అన్నాడు. నేనూ నవ్వేసి, టీ ఇచ్చి పంపించాను."

"నీకేం తెలుసమ్మా."

"ఎవరైనా ఫోన్ ఎత్తకపోతే వెంటనే మనిషిని పంపాలని మనందరికీ నూరిపోసింది ఆవిడే కదా."

"ఆవిడా ఒంటరిదే కదమ్మా. మరి ఆవిడకెవరు చేసేవాళ్లు?"



"ఎవరూ చేయలేదు బాబాయ్. ఆవిడ ఫోన్ చేసే మనిషి. ఆవిడకూ చేయాలని మనలో ఒక్కరికీ తట్టలేదు."

"నిన్నంతా ఆ ముసలివాళ్లనీ ఎవరూ పలకరించలేదన్నమాట. ఇవాళైనా నువ్వు చెయ్యమ్మా."

"చేస్తే పెద్దమ్మేదని అడుగుతారు. ఏమని చెప్పను?"

బయట పొద్దెక్కింది. ఆ ముసలివాళ్లలో ఒక్కరికీ ఇంకా ఫోన్ వెళ్లలేదు.