గడియారం ఆపమని రాసిన మూడు ఉత్తరాలు

చిత్తూరు పట్టణ పోలీస్ స్టేషన్. తేది 19-8-2008, మంగళవారం. ఉదయం 10 గంటల 40 నిమిషాలకు మొదలుపెట్టి, హెడ్ కానిస్టేబుల్ దొరస్వామి రాసుకున్న వాంగ్మూలం.

నా పేరు నౌరీన్. తండ్రి పేరు నవాబ్. వయసు ఇరవై ఏడు. కాపురం చిత్తూరు గిరింపేటలో. బి.కాం. చదివాను. పాత బస్టాండు ఎదురుగా ఆరు సిస్టమ్‌లతో నెట్ సెంటర్ నడుపుతున్నాను. నన్ను ఎవరూ కొట్టలేదు, బెదిరించలేదు. చెప్పింది చెప్పినట్టు రాస్తానని దొరస్వామి గారు మాట ఇచ్చారు కాబట్టి చెబుతున్నాను.

తిరుపతిలో ఉండే రూపేష్ అనే అతను నా మీద ఫిర్యాదు ఇచ్చాడు. ఇంటర్నెట్‌లో ‘మాటలమూట’ అనే తెలుగు పదాల ఆటను తయారు చేసింది అతనే. మొన్న ఆదివారం, 17వ తేదీన, ఆ ఆట పోటీని నేను చెడగొట్టాననీ, నలుగురిలో అతని పరువు తీశాననీ ఫిర్యాదు. చెడగొట్టిన మాట నిజం. పరువు తీసిన మాట కూడా నిజం. ఎందుకు, ఎట్లా అన్నది చెబుతాను.

మా నాయన ముప్పై ఐదేళ్ళు బోర్డులు రాశాడు. ఇటు పలమనేరు నుంచి అటు పాకాల దాకా అంగళ్ళ మీద, లారీల మీద ఆయన అక్షరాలే. ఈ స్టేషన్ బయట ఉన్న బోర్డు కూడా 1994లో ఆయన రాసిందే. కింద మూలలో చిన్నగా ‘నవాబ్’ అని ఉంటుంది. మీరు రోజూ దాని కిందనుంచే లోపలికి వస్తారు. 2006 డిసెంబరులో ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. వినడం, చదవడం బాగానే ఉన్నాయి. మనసులో ఉన్న మాట నోటికి రాదు, అంతే. అక్షరాలు కూర్చే పని ఏదైనా ఇవ్వండి, మాట మెల్లగా తిరిగి రావచ్చు అని డాక్టరమ్మ చెప్పింది.

2008 జనవరి నుంచి ఆయన మా సెంటర్‌లో నాలుగో నంబరు సిస్టమ్ దగ్గర కూర్చుని మాటలమూట ఆడేవాడు. పొద్దున పదింటి నుంచి పన్నెండు దాకా. పన్నెండుకు కరెంటు కోత. ఆ ఆటలో పదహారు గళ్ళు ఉంటాయి, గడికో అక్షరం. వరసగా నొక్కుతూ మాటలు కూర్చాలి. అప్పట్లో దానికి గడియారం లేదు. మా నాయన ఎడమచేత్తో ఒక్కో గడి నొక్కేవాడు. మాట కుదిరితే దాన్ని నోటితో అనడానికి చూసేవాడు. మొదట వచ్చిన మాట ‘ఉప్పు’. ఆ రోజు మధ్యాహ్నం ఇంట్లో అన్నం ముందు కూర్చుని, పళ్ళెం చూపించి, ‘ఉప్పు’ అన్నాడు. మా అమ్మ సుభాన్‌బీ ఉప్పు డబ్బా పట్టుకుని అట్లనే నిలబడి ఏడ్చింది. ఆ తరువాత రెండు నెలల్లో పదిహేను మాటలు వచ్చాయి. నేను నోటుబుక్కులో రాసి పెట్టాను.

మార్చి మధ్యలో రూపేష్ ఆటకు గడియారం పెట్టాడు. రెండు నిమిషాలు. రెండు నిమిషాలు దాటితే గళ్ళన్నీ దబదబా కింద రాలిపోతాయి, ఒక ఎర్ర మొహం వచ్చి పకపకా నవ్వుతుంది. మా నాయనకు ఒక మాట దొరకడానికే ఏడెనిమిది నిమిషాలు. దొరికే లోపల గళ్ళు రాలేవి. ఎర్ర మొహం నవ్వేది. మళ్ళీ మొదలు పెట్టేవాడు. మళ్ళీ నవ్వేది. రెండు గంటల్లో ఎన్నిసార్లు నవ్విందో ఒకరోజు లెక్కపెట్టాను. నలభై ఒకటి.

ఆ సైటులో ‘ఆటగాళ్ళ సలహాలు’ అని ఒక పేజీ ఉంది. ఆట ఎలా ఉంది, ఏం మార్చాలి, మొహమాటం లేకుండా రాయండి అని దాని మీద రూపేషే రాశాడు. మొహమాటం లేకుండా రాశాను. మొదటి ఉత్తరం మార్చి 24న. మా నాయన పేరు, ఊరు, జబ్బు అన్నీ చెప్పి, గడియారం వద్దనుకునే వాళ్ళకు దాన్ని ఆపే మీట ఒకటి పెట్టండి, పందెంలో మమ్మల్ని లెక్కపెట్టకపోయినా ఫరవాలేదు అని రాశాను. జవాబు లేదు. రెండో ఉత్తరం ఏప్రిల్ 14న. ఆ మీట తెర మీద ఎక్కడ ఉంటే బాగుంటుందో మా నాయన ఎడమచేత్తో బొమ్మ గీస్తే దాన్ని కూడా పంపాను. వంకరగా ఉన్నా కొలత తప్పలేదు. ఒకే పేరుతో ఎన్నిసార్లు ఆడినా, తక్కువ సమయంలో ముగించినవాళ్ళ జాబితాలో విడివిడిగా ఎక్కుతోంది, అది చూసుకోండి అని కూడా అందులోనే చెప్పాను. జవాబు లేదు.

మూడో ఉత్తరం జూన్ 23న. అంతకు ముందురోజు నాలుగో సిస్టమ్‌లో కంప్యూటర్ తేదీ పెడుతూ నేను తొందరలో జూన్‌కు బదులు జూలై పెట్టాను. ఆట మధ్యలో గమనించి తేదీ సరిచేశాను. ఆట అయ్యాక చూస్తే నాకు పట్టిన సమయం మైనస్ పాతిక లక్షల పైచిలుకు సెకన్లని, అంటే మైనస్ ముప్పై రోజులని పడింది, నేను జాబితాలో మొదటికి ఎక్కాను. అంటే ఆ గడియారం ఆడేవాళ్ళ కంప్యూటర్‌లోని తేదీని నమ్ముతుంది. ఎవరైనా మోసం చేయవచ్చు, సరిచేసుకోండి అని రాశాను. మంచికే చెప్పాను సార్. అప్పటికి నా మనసులో ఏమీ లేదు. మూడు ఉత్తరాల ప్రింట్లు తెచ్చాను, దీనికి కుట్టండి.

జూలై 3, గురువారం. ఉదయం 10.20. మా నాయన ఆట తెరిచాడు. మొదటి పేజీలోనే ‘ఈ వారం నవ్వుల మూట’ అని పెద్ద అక్షరాలు. దాని కింద నా మొదటి ఉత్తరం, ఒక్క అక్షరం కూడా తీయకుండా. దాని కింద రూపేష్ జవాబు: ‘నవాబ్ గారి కోసం మన ఆట ఆగాలట. ఆగితే మనందరికీ జుట్టు నెరుస్తుంది. వారిని ఒకటో తరగతిలో చేర్పించగలరు.’ దాని కింద అరవై మూడు మంది నవ్వులు. నేను వేరే సిస్టమ్ దగ్గర ఒక రైలు టికెట్టు తీస్తున్నాను, చూడలేదు. ఆయన మొత్తం చదివాడు. అరవై మూడు నవ్వులూ చదివాడు. చదివి, మౌసును జరిపి గోడ పక్కన పెట్టి, లేచి ఇంటికి నడిచాడు. చెప్పులు సెంటర్‌లోనే మరిచిపోయాడు.

జూలై 2 నాటికి నోటుబుక్కులో పంతొమ్మిది మాటలు ఉన్నాయి. మూడో తేదీ నుంచి ఒక్కటి కూడా లేదు. ఉప్పు కూడా అడగలేదు. అడుగుతాడేమోనని మా అమ్మ కావాలనే పప్పులో ఉప్పు వేయడం మానేసింది. ఆయన ఉప్పు లేని పప్పు తిన్నాడు. మరుసటి రోజూ తిన్నాడు. ఆయన తింటున్నాడు కాబట్టి మేమూ తిన్నాం. నెలన్నరగా మా ఇంట్లో అందరం ఉప్పు లేని పప్పు తింటున్నాం. నాకు కసి పుట్టింది. ఆ రూపేష్ నలుగురి ముందు నవ్వులపాలు కావాలి, అదీ మా నాయన పేరుతోనే కావాలి అనుకున్నాను.

ఆగస్టు 17న తిరుపతిలో ఒక కల్యాణ మండపంలో పోటీ పెట్టాడు. పదింటి నుంచి పదకొండు దాకా ఎవరి ఊళ్ళో వాళ్ళు ఆడవచ్చు, మండపంలో పెద్ద తెర మీద మొదటి నలభై పేర్లు పడతాయి అని సైటులో చెప్పాడు. నలభై. అది మనసులో పెట్టుకున్నాను.

ఆ రోజు సెంటర్ తలుపు దించి నాలుగో సిస్టమ్ దగ్గర కూర్చున్నాను. అందరికీ ఒకే గళ్ళు, ఒకే మాటలు. ఒకసారి ఆడితే మాటలు తెలిసిపోయాయి. ప్రతిసారీ ఆడటం, ఆఖరి గడి నొక్కే ముందు కంప్యూటర్ తేదీని వెనక్కి తిప్పడం. తిప్పిన తేదీ జూలై 2. ఏ తేదీకైనా తిప్పవచ్చు, నేను జూలై 2కే తిప్పాను. ఆ రోజు మధ్యాహ్నం మా నాయన ఉప్పు అడిగాడు. నలభై సార్లు జూలై 2కు వెళ్ళి, నలభై సార్లు ఆగస్టు 17కు తిరిగి వచ్చాను. పేరు నవాబ్, ఊరు చిత్తూరు. 10.56కు అయిపోయింది. సైటు తాళాలు ఏవీ నేను పగలగొట్టలేదు. అతను తెరిచి పెట్టిన తలుపులోంచే వెళ్ళాను. తలుపు తెరిచి ఉందని ముందే చెప్పాను కూడా.

వడమాలపేటలో టీచరుగా ఉన్న నా స్నేహితురాలు ప్రసన్నకుమారి ఆ మండపంలో ఉంది. నేను అడిగితేనే వెళ్ళింది. ఆమె సెల్లు పట్టుకుంటే ఇక్కడ ఇంట్లో నేను విన్నాను. మైకులో ఒక పెద్దాయన చదువుతున్నాడు. తెర మీద ఏముంటే అది చదివే మనిషి.

“మొదటి స్థానం, నవాబ్ గారు, చిత్తూరు. సమయం... మైనస్ ముప్పై తొమ్మిది లక్షల డెబ్బై నాలుగు వేల... ఇదేందబ్బా ఇది? సరే. నవాబ్ గారు యాడుండినా వేదిక మీదికి రావాల. రెండో స్థానం, నవాబ్ గారు, చిత్తూరు. మూడో స్థానం, నవాబ్ గారు...”

ఏడో స్థానం దాకా చదివాడు. అప్పటికి జనం పగలబడి నవ్వుతున్నారు. “ఆడక ముందే గెలిసినాడంట సూడు!” అని ఎవరో అరిచారు. “ఆపండి, తెర ఆపండి!” అని రూపేష్ గొంతు వినిపించింది. “మొగం సూడాల్నే నౌరీన్, ఎర్రగా అయిపోయినాడు” అని ప్రసన్న చెప్పింది. ఎర్ర మొహం. నాకు ఆకలి తీరినట్టు అయింది. సెల్లు మా నాయన చెవికి ఆనించాను. ఆయన కూడా తన పేరు విన్నాడు. సంతోషిస్తాడనుకున్నాను. ఆయన నన్ను ఒకసారి చూసి, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఇంతవరకు రాసేసరికి 11.35 అయింది. ఎస్సై బాలసుబ్రమణ్యం గారు వచ్చి రాజీ మాట ఎత్తారు. రూపేష్ కూడా స్టేషన్‌లోనే ఉన్నాడు.

“తప్పయిపాయ అని రెండు ముక్కలు రాసిచ్చేయ్ మ్మా. ఆ అబ్బాయి కేసు ఎనక్కి తీసుకుంటాడు. ఆడపిల్లవి, కోర్టు సుట్టూ యాడ తిరుగుతావు?” అన్నారు.

“రాస్తాను సార్. ఒకటే షరతు. మా నాయన ముందర ఆయన కూర్చోవాల. మా నాయన ఒక్క మాట చెప్పేదాకా గడియారం సూడకుండా వినాల. అంతే” అన్నాను.

“ఓస్, అంతేనా” అన్నాడు రూపేష్.

ఆటో పంపితే మా అమ్మ మా నాయనను తీసుకొచ్చింది. ఆయన మెట్ల దగ్గర ఆగి బోర్డు వంక చూసి లోపలికి వచ్చాడు. 12.05కు ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టారు. సమయం ఈ గోడ గడియారంలో నేనే చూశాను, నాకు షరతు లేదు.

“గ...” అన్నాడు మా నాయన. ఆగాడు. “గ...”

“గవర్నమెంటా అంకుల్? గొడవా?” అన్నాడు రూపేష్.

“ఊరకుండబ్బా, ఆయన్ని చెప్పనీ” అన్నారు దొరస్వామి గారు.

12.07కు రూపేష్ చేతి గడియారం చూసుకున్నాడు. 12.08కు మళ్ళీ చూసుకున్నాడు. 12.09కు “అర్థమైంది అంకుల్, సారీ, సరేనా?” అని లేవబోయాడు. ఎస్సై గారు భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టారు. తరువాత ఇక చూసుకోలేదు. మా నాయన చెమటలు కక్కుతున్నాడు. మా అమ్మ తుడవబోతే ఎడమచేత్తో వద్దన్నాడు. స్టేషన్‌లో అందరూ పని ఆపేశారు.

12.11కు చెప్పాడు. “గడియారం... తీసెయ్... నాయనా.”

మూడు మాటలు. గడియారం అనే మాట నోటుబుక్కులో అంతకు ముందు లేదు. మార్చిలో నేను పేజీ నిండా రాసింది ఆయన మూడు మాటల్లో చెప్పాడు. కానీ ఆ మూడో మాట నాకు నచ్చలేదు. వాణ్ణి పట్టుకుని ‘నాయనా’ అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఇది కూడా రాయండి.

రూపేష్ తల దించుకున్నాడు. “తీసేస్తా అంకుల్. ఈ పొద్దే తీసేస్తా. కేసు కూడా వొద్దు సార్” అన్నాడు. కేసు వెనక్కి తీసుకోవద్దని నేనే అన్నాను. షరతు తప్పి రెండుసార్లు గడియారం చూశాడు కాబట్టి నేను క్షమాపణ రాయను. కేసు నడవనీయండి. కోర్టులో నా మూడు ఉత్తరాలు పైకి చదువుతారు, అతను రాసిన జవాబు కూడా చదువుతారు. అప్పుడు అతను బోనులో నిలబడి వినాలి, అరవై మూడు నవ్వులూ వినాలి. మా నాయన క్షమించి ఉండవచ్చు. అది ఆయన ఇష్టం. నేను క్షమించలేదు.

పైన రాసినదంతా దొరస్వామి గారు నాకు చదివి వినిపించారు. నేను చెప్పని మాట ఇందులో లేదు, చెప్పినా రాయని మాట లేదు. ఒకచోట నాకు ‘కోపం వచ్చింది’ అని రాశారు. నేను చెప్పింది కసి పుట్టిందని. కొట్టేసి దిద్దించాను. మా అమ్మ, నాయన ఆటోలో ఇంటికి బయలుదేరుతున్నారు. ఈ పూట కూడా పప్పులో ఉప్పు వేయొద్దని అమ్మకు చెప్పాను.

(సంతకం) నౌరీన్

సాక్షి: నవాబ్, బోర్డు పెయింటరు. ఎడమచేతి బొటనవేలి ముద్ర.