నలభై ఎనిమిది

2022 ఆగస్టు ఇరవై, శనివారం. సాయంత్రం నాలుగు గంటల పన్నెండు నిమిషాలు. తిరుత్తణిలో ముప్పై నాలుగు డిగ్రీల వేడి. వాన వెలిసి ఇరవై నిమిషాలయింది, గాలి లేదు. కాలేజీ కంప్యూటర్ ల్యాబులో ముగ్గురు విద్యార్థులున్నారు: శనివారాలు కింది తరగతులవారికి నేర్పే బృందాన్ని నడిపే నాలుగో సంవత్సరపు మోక్షిత, ఆ బృందంలో నేర్పే మూడో సంవత్సరపు సతీష్, అతని వద్ద నేర్చుకున్న రెండో సంవత్సరపు ధాత్రి.

"సంతకం పెట్టు సతీష్."

"పెట్టను అక్కా."

"మన డిపార్టుమెంటు హెడ్డు సుమతి మేడమ్ ఐదు గంటల బండికి తిరువళ్ళూరు పోతారు. ఆలోపల ఈ లెటర్ ఆమె చేతికి పోతేనే, పదముగ్గురికీ మళ్ళా ఎంట్రన్సు పరీక్ష పెట్టమని ఆవడి ట్రైనింగ్ సెంటరుకు రాస్తారు. రెండో సంవత్సరం దాటితే ఆ ట్రైనింగుకు ఎవురినీ తీసుకోరు. ధాత్రికి ఇంకో ఛాన్సు లేదు. పెట్టు."

"ఏమని పెట్టేది? తప్పంతా నాదే అనా?"

"కాదా?"

"పదముగ్గురూ ఫెయిలైతే నేనొక్కడినేనా అక్కా—"

"పదముగ్గురి ఫైళ్ళలోనూ నలభై ఎనిమిదే ఉండాది! ఒక్కరన్నా వేరే నంబరు పెట్టినారా? మన మెషిన్లో నలభై ఎనిమిది ప్రాసెసర్లు ఉండాయి. ఆవడి మెషిన్లో ముప్పై రెండే. లేనిదాన్ని అడిగితే అదేం చేస్తాది? 'ఉండు, ఖాళీ అయినాక ఇస్తా' అని లైన్లో నిలబెడతాది. మూడు గంటలు నిలబెట్టింది. టైమైపోయింది. ఒక్కరి ప్రోగ్రామూ మొదలే కాలేదు."

"వాళ్ళు ముందే చెప్పుండాల కదా."

"చెప్పినారు. పేపరు మొదటి పేజీలోనే ఉండాది. ధాత్రీ, ఉండాదా లేదా?"

"ఉండాదక్కా. చదివినా. ఆ ముప్పై రెండును యాడ పెట్టాలో తెలిస్తే కదా? తెర మీద 'వెయిటింగ్' అనే ఉండింది. నా ప్రోగ్రామే తప్పనుకోని మూడు తూర్లు తిరగరాసినా."

"విన్నావా సతీష్? వాళ్ళ ఫైళ్ళలో ఆ నలభై ఎనిమిది టైపు చేసింది ఎవురు?"

"నేనే. అయితే ఏంది?"

"నిన్ను చేసియ్యమని అడిగినారా?"

"అడగాల్నా అక్కా? ముఖం చూస్తే తెలీదా? 'అన్నా, అన్నా' అని పక్కన కూర్చుంటారు. అట్ల పిలిచినాక చేతులు కట్టుకోని చూస్తా ఉండేది ఎట్ల?"

"అన్నవైతే ముద్దలు కలిపి నోట్లో పెడతావా?"

"పెడతా! మన పక్క అట్లే. నీకు రూల్సు, నాకు మనుషులు."

"చాలు చాలు, పెద్ద మనసు! ఆ మనసే పదముగ్గురిని ముంచింది."

"అక్కా, నన్నొక్కడినే అంటావు. ఏం ధాత్రీ, నువ్వు 'అర్థం కాలేదు' అని ఒక్క తూరన్నా చెప్పినావా?"

"చెప్తే నీ ముఖం ఎట్లయితాదో తెలుసు కదన్నా. మీది మా ఎదురిల్లు. 'అర్థమయింది అన్నా' అంటే సంతోషంగా ఇంకో పేజీ నువ్వే టైపు చేసేస్తావు. కాలేదంటే, ఇంత చెప్పినా కాలేదా అని మా అమ్మ దగ్గర వచ్చి చెప్తావు."

"నేనెప్పుడు చెప్పినా?"

"పైథాన్ రాలేదని చెప్పలేదా? వారం దినాలు ఇంట్లో అదే మాట."

"అది సుమ్మా, ఊరికే నవ్వులాటకి—"

"నీకు నవ్వులాట. మా ఇంట్లో తెగిన పోగు అతికేది వచ్చినాకనే మగ్గంలోకి దిగనిస్తారు. నువ్వు నేసిన గుడ్డ నా చేతిలో పెట్టి, నువ్వే నేసినావు పో అని ఆవడికి పంపించినావు."

"ఇంక చెప్పేది ఏమీ లేదు సతీష్. నాలుగు ఇరవై అయింది. పెన్ను ఇదో."

"ఉండక్కా."

"ఏంది ఉండేది? ఆరు శనివారాలు! నలభై ఎనిమిది అంటే ఇది, మెషిన్ మారితే ఇది మార్చాల అని ఒక్క మాట. ఎన్ని నిమిషాలు పడతాది?"

"చెప్పుండొచ్చు."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"టైము లేదు."

"ఆరు శనివారాల్లోనా?"

"అట్ల కాదక్కా…"

"ఎట్ల మరి? నిన్నే అడుగుతా ఉండేది."

"నాకు తెల్దు! సరియా? నలభై ఎనిమిది అంటే ఏందో నాకూ తెల్దు. ఇప్పుడు నువ్వు చెప్తే వింటా ఉండా."

"తెలీకుండానే నేర్పినావా?"

"నాకిచ్చిన ఫైలు నేనిచ్చినా. ఏడాదిగా ఈ ల్యాబులో అది ఒక్క తూరి కూడా మధ్యలో ఆగలేదు. పని చేసేదాన్ని ఎందుకు కెలకాల?"

"ఎవురిచ్చినారు నీకు? పేరు చెప్పు. వాని సంతకం కూడా దీంట్లోనే పెట్టిస్తా."

"వదిలెయ్యక్కా."

"వదలను. చెప్పు."

"నువ్వే."

"ఏంది?"

"నువ్వే అక్కా. పోయినేడు, ఆ కిటికీ పక్క కంప్యూటర్లో. నన్ను లేపి నా కుర్చీలో కూర్చోని టైపు చేసినావు. 'ఈ పైన నాలుగు లైన్లు ముట్టొద్దు, ఇట్లనే ఉండనీ' అన్నావు. నేను ముట్టలేదు. వీళ్ళనీ ముట్టనీలేదు."

"నేను… ఆ దినం మనకు టైము లేదు సతీష్. మరునాడే నీ రికార్డు సబ్మిషన్."

"అదే కదా నేనూ చెప్పింది. టైము లేదు."

"అక్కా, నేనొకటి అడగాల."

"ఇప్పుడొద్దు ధాత్రీ. ముందు లెటర్ సంగతి—"

"ఇప్పుడే. ఇంతసేపూ నా కోసమని ఇద్దరూ కొట్లాడుకున్నారు. నన్ను ఒక్క మాట అడగలేదు. నలభై ఎనిమిది సంగతి ఎంత బాగా చెప్పినావక్కా! నాకు ఒక్క నిమిషంలో తెలిసిపోయింది. ఇదే మాట ఆరు వారాల ముందు ఎందుకు చెప్పలేదు?"

"మీకు నేర్పింది సతీష్ కదా."

"అతనికి ఎందుకు చెప్పలేదు?"

"ముందు ఈ లెటర్ ఇచ్చేసి వస్తా, టైమయితా ఉండాది."

"అక్కా, నా కండ్లల్లోకి చూసి చెప్పు. అది నీకు ఎప్పుడు తెలిసింది?"

"నిన్న. ఆవడి నుంచి వచ్చిన రిజల్టు కింద రాసుంటే చదివినా."

ఆ లేఖపై మోక్షిత ఒక్కతే సంతకం చేసింది. మరల పరీక్ష పెట్టడానికి అనుమతి రాలేదు. 2025 మే నెలలో ధాత్రి డిగ్రీ ముగించింది. అప్పటికి రెండేళ్ళుగా శనివారపు తరగతిని ఆమే నడుపుతూ ఉండింది.